పదివేలవ మనిషి

ఆపరేషన్స్ గుడారంలో గుంజకు ఒక నల్లబల్ల వేలాడుతూ ఉండేది. దాని మీద రెండే వరసలు. పై వరసలో, ఆ అమెరికన్ దళం విమానాల్లో ఇంతవరకూ మోసుకొచ్చిన క్షతగాత్రుల లెక్క. అది రోజూ సాయంత్రం మారేది. కింది వరసలో, దారిలో గాలిలోనే ప్రాణం పోయినవాళ్ళ లెక్క. అది ఎప్పుడూ మారేది కాదు. దళాధిపతి మేజర్ వెండెల్ స్ట్రౌడ్ పై అంకెలను సుద్దముక్కతో రాయించేవాడు. కింద ఉన్న సున్నాను మాత్రం తెల్లరంగుతో, కుంచె పట్టుకుని, స్వయంగా వేశాడు. రోజూ రాసిన సున్నానే మళ్ళీ రాయడం దేనికని ఆయన వాదన.

చావు మేజరుగారి బల్ల చూసి బెదిరి పక్కకు తప్పుకుందని ఎవరూ అనుకోనక్కర్లేదు. పొట్టలు చిరిగినవాళ్ళను, తలలు పగిలినవాళ్ళను సరుకుల విమానాల్లో వేసి న్యూ గినియా కొండల మీదుగా తెస్తుంటే కొందరు దారిలోనే పోతారు. అలా పోయినవాడి దుప్పటి ముఖం మీదకు లాగకూడదు, గడ్డం దాకానే లాగాలి. అది ఆ దళంలో ఆచారం. మనిషి పోయాడో ఉన్నాడో చెప్పాల్సింది డాక్టరు. విమానంలో ఉండేది ఒక నర్సు, ఆమెకు తోడు ఒక సార్జెంటు. కాబట్టి డాక్టరు చూసేదాకా పోయినవాడు కూడా రోగి కిందే లెక్క. విమానం దిగాక అంబులెన్సు వాణ్ణి ఆస్పత్రికి చేరుస్తుంది, అక్కడి డాక్టరు 'ఆస్పత్రిలో మరణం' అని రాస్తాడు. అప్పటిదాకా నర్సు అరగంటకోసారి వాడి చీటీ మీద నాడి అంకె వేస్తూనే ఉండాలి, కొట్టుకోని నాడికి కూడా.

లెఫ్టినెంట్ వెర్నా హాల్వర్సన్ ఎనిమిది నెలల్లో అలా రెండుసార్లు వేసింది. మొదటిసారి అంకె కొట్టేసి మళ్ళీ వేసింది. రెండోసారి కొట్టేయలేదు. ఆ కొట్టేయకపోవడం మీదే ఆమెకు ఎక్కువ కోపం.

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. నార్త్ డకోటాలో గోధుమ రైతు కూతురు. యుద్ధానికి ముందు ప్రయాణికుల విమానాల్లో కాఫీలు అందించింది. ఆ రోజుల్లో ఆ ఉద్యోగానికి కూడా నర్సులనే తీసుకునేవారు. సైన్యంలో చేరాక చొక్కా మీద వెండి రెక్కల బిళ్ళ తగిలించారు, లెఫ్టినెంటు అన్నారు. ఎదురుపడిన సిపాయిలు మాత్రం సెల్యూట్ కొట్టాలో, పెళ్ళయిందా అని అడగాలో తేల్చుకోలేక దిక్కులు చూసేవాళ్ళు.

కెంటకీలో శిక్షణప్పుడు చూపించిన ఒక విషయం ఆమె మరచిపోలేదు. రబ్బరు చేతితొడుగులో కొంచెం గాలి ఊది, మూతి కట్టి, గాజు గదిలో పెట్టి ఒత్తిడి తగ్గించారు. తొడుగు ఉబ్బి ఉబ్బి అయిదు వేళ్ళూ నిక్కబొడుచుకున్నాయి. 'ఛాతీలో దెబ్బ తగిలి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాణ్ణి ఎత్తుకు తీసుకెళితే లోపల జరిగేది ఇదే. అలాంటివాణ్ణి ఎక్కించుకోవద్దు. తప్పకపోతే నేలను పట్టుకుని ఎగరమని పైలట్‌కు చెప్పండి' అన్నాడు మేష్టారు. పరీక్షలో ఆ ప్రశ్నకు ఆమెకు నూటికి నూరు వచ్చాయి.

1944 జనవరిలో బల్ల మీది లెక్క తొమ్మిదివేల తొమ్మిది వందల ఎనభై రెండుకు చేరింది. విమానంలో పద్దెనిమిది స్ట్రెచర్లు పడతాయి. పద్దెనిమిదో మనిషి పదివేలవ మనిషి అవుతాడు. అతని ఫోటో తీయడానికి ఇద్దరు పత్రికలవాళ్ళు దిగి, గుడ్ల పొడితో వేసిన అట్టు తింటూ మేజరుగారి గుడారంలో కూర్చున్నారు.

ఆ ఉదయం హెడ్ నర్సు కెప్టెన్ లోర్నా ప్రూయిట్ వెర్నాను పక్కకు పిలిచింది. "చివర ఎక్కించేవాణ్ణి కాస్త చూసి ఎంచుకో. కాలూ చెయ్యీ పోయినవాడొద్దు. మూతి పగిలినవాడు అసలొద్దు. ఫోటో చూసి ఇంటిదగ్గర తల్లులు గుండెలు బాదుకోకూడదు."

"అంటే ఎవరికి అవసరమో వాళ్ళను కాదు, ఎవరు అందంగా ఉంటే వాళ్ళను ఎక్కించమంటారా?"

"పదిహేడుమందిని నీ ఇష్టం వచ్చినట్టు ఎక్కించుకో తల్లీ. ఒక్కణ్ణి నాకివ్వు. నవ్వు మొహం వాడైతే మరీ మంచిది. ఆ, లిప్‌స్టిక్ వేసుకో. మలేరియా మాత్రలు మింగీ మింగీ పసుపు పూసిన పెళ్ళికూతుళ్ళలా తయారయ్యాం అందరం."

వెర్నా లిప్‌స్టిక్ వేసుకుంది.

కొండల అవతల, యుద్ధరంగం దగ్గరి విమానాశ్రయంలో పని ఎప్పుడూ పరుగే. తెచ్చిన పెట్రోలు పీపాలు దొర్లించేయాలి, స్ట్రెచర్ల పట్టీలు బిగించాలి, శత్రు విమానం వచ్చేలోగా లేచిపోవాలి. పెట్రోలు మోసే విమానం కాబట్టి దాని మీద రెడ్‌క్రాసు గుర్తు వేయకూడదు. ఎవడు కాల్చినా తప్పు పట్టడానికి లేదు. ఇంజన్లు ఆపరు. ఆ మోతలో ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నా ఏమీ వినిపించదు.

పదిహేడుమంది ఎక్కారు. తాటాకు పందిరి కింద ఇద్దరు మిగిలారు. ఒకడికి దవడ సగం ఎగిరిపోయింది, కళ్ళు తప్ప అంతా కట్టు. ముందు ఎక్కాల్సినవాడు అతనే. రెండోవాడు ముప్ఫై ఆరేళ్ళ కార్పొరల్, ఓర్విల్ టీగ్. వెస్ట్ వర్జీనియాలో బొగ్గుగని కూలీ. చెక్కపెట్టెకు ఆనుకుని కూర్చుని పొగాకు నములుతున్నాడు. ముఖం మీద గీత కూడా లేదు.

"నీకెక్కడ తగిలింది?" అరిచినట్టుగా అడిగింది వెర్నా.

"వీపులో నర్సమ్మా. ఇంత ఇనుప ముక్క. మా ఆవిడ లెటా పిన్నీసుతో పొడిచినా ఇంతకంటే పెద్ద చిల్లే పడేది."

"ఊపిరి ఎలా ఆడుతోంది?"

"ఎప్పుడూ ఆడినట్టే ఆడుతోంది. పదహారేళ్ళు గనిలో బొగ్గు పీల్చినోణ్ణి, మంచి ఊపిరంటే ఎట్టా ఉంటాదో నాకేం తెలుసు? ఇంటికాడ వెల్లకిలా పడుకుంటే చస్తానని మా ఆవిడ నాలుగు దిళ్ళేసి కూర్చోబెడతాది. పదేళ్ళుగా పొదుగుడు కోడిలా కూర్చునే నిద్ర."

"మరి సైన్యంలో ఎలా చేర్చుకున్నారయ్యా నిన్ను?"

"డాక్టరు నా ఛాతీ మీద చెవి పెట్టాడమ్మా. ఆయనకి చెవుడు."

వెర్నా పకపకా నవ్వింది. పక్కనున్న సార్జెంట్ టల్లీ బ్రాషర్ కూడా నవ్వాడు. టీగ్ చీటీ మీద అక్కడి డాక్టరు 'వీపు మీద చిన్న గాయం, ప్రయాణానికి పనికొస్తాడు' అని రాశాడు. ఊపిరి చాలక పెదవులు నీలంగా ఉన్నాయేమో చూద్దామంటే పొగాకు రసానికి గోధుమరంగులో ఉన్నాయి. నవ్వు మొహం వాడు కావాలన్నారు, దొరికాడు. ఆమె వేలితో అతన్ని చూపించింది. దవడ పోయినవాడి కళ్ళు ఆ వేలి వెంటే కదిలాయి. వాణ్ణి మర్నాటి విమానంలో తెచ్చారు, బతికాడు కూడా. టీగ్‌ను నాలుగు రోజులు అక్కడే ఉంచి ఛాతీలో గాలి తీసి ఉంటే, అతనూ బతికేవాడు.

కొండల మధ్య విమానాలు దూరి వచ్చే ఒక సందు ఉంది. ఆరోజు అది మబ్బులతో మూసుకుపోయింది. విమానం పైకి లేస్తూ పోయింది. పదివేల అడుగులు దాటాక టీగ్ జోకులు ఆపేశాడు. పన్నెండువేల దగ్గర అతని మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. గొంతు గొట్టం ఒక పక్కకు జరిగింది. వెర్నాకు గాజు గదిలోని చేతితొడుగు కళ్ళముందు మెదిలింది.  ఆక్సిజన్ మాస్కు పెట్టమని బ్రాషర్‌కు చెప్పి, పైలట్ దగ్గరకు పరుగెత్తింది.

"కిందికి దించు డన్లీవీ! ఛాతీలో గాలి ఉన్నవాడు ఉన్నాడు, చచ్చిపోతాడు!"

"ఎక్కడికి దించను?" పైలట్ తల తిప్పలేదు. "కింద కొండ ఉంది. దించితే అందరం చస్తాం. ఇరవై నిమిషాలు ఓపిక పట్టు."

వెనక్కి వచ్చేసరికి టీగ్ మాస్కు పక్కకు లాగేసుకున్నాడు. "నర్సమ్మా, లేపి కూర్చోబెట్టు. నీకు పుణ్యముంటాది, కూర్చోబెట్టమ్మా."

ఇద్దరూ కలిసి పట్టీలు విప్పారు. వెర్నా స్ట్రెచరు మీద అతని వెనకాల కూర్చుని, వీపును తన ఛాతీకి ఆనించుకుంది. అతని తల ఆమె భుజం మీద వాలింది. బాగా పొడగరి, బరువంతా ఎముకలదే. కాసేపటికి అతను, "ఇప్పుడు బాగుంది" అన్నాడు. ఇంకాసేపటికి, "దిగుతున్నామా?" అన్నాడు.

"దిగుతున్నాం" అంది వెర్నా. విమానం ఇంకా పైకే పోతోంది.

అతను అలా కూర్చునే పోయాడు. వెర్నా అతన్ని అలాగే పట్టుకుని కూర్చుంది. విమానం కిందికి దిగడం మొదలుపెట్టాక బ్రాషర్, "మేడమ్, పట్టీలు కట్టాలి" అన్నాడు మెల్లిగా. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. దుప్పటి గడ్డం దాకా లాగారు. వెర్నా చీటీ తీసి నాడి ఎనభై నాలుగు అని వేసింది. అది మూడోసారి.

తలుపు తెరవగానే మేజర్ స్ట్రౌడ్ పత్రికలవాళ్ళను వెంటేసుకుని ఎక్కాడు. వెర్నా ఆయన చెవి దగ్గరకు వెళ్ళి, "సార్, పద్దెనిమిదో అతను పోయాడు" అంది.

"ఎవరు చెప్పారు? డాక్టరు చూశాడా?"

"మీరు డాక్టరే కదా సార్. చూడండి."

"నేనిప్పుడు ఆస్పత్రి డ్యూటీలో లేను లెఫ్టినెంట్." ఆయన వెనక్కి తిరిగి గొంతు పెంచాడు. "పాపం అలిసిపోయి నిద్రపోతున్నాడు బాబూ, లేపకండి. ఇలా ఈ పక్కనుంచి తీయండి. హాల్వర్సన్, నువ్వక్కడ నిలబడు. కాస్త నవ్వాలమ్మా."

ఆమె నవ్వింది.  ఎనిమిది నెలలుగా విమానం దిగినప్పుడల్లా స్ట్రెచర్ల వైపు తిరిగి నవ్వడం అలవాటు, ముఖం దాని పని అది చేసుకుపోయింది. తర్వాత ఎంత కడుక్కున్నా ఆ నవ్వు వదల్లేదన్న బాధ ఆమెను పీడించింది. సాయంత్రం బల్ల మీద పదివేలు అని రాసి, చుట్టూ పూలు కూడా గీశారు. కింద సున్నా అలాగే ఉంది.

ఏప్రిల్‌లో ఒక ఉత్తరం వచ్చింది. లోపల పత్రిక ముక్క ఒకటి మడిచి ఉంది. అందులో టీగ్ కళ్ళు మూసుకుని ఉన్నాడు, పక్కన వెర్నా నవ్వుతోంది. కింద 'రెక్కల దేవత నీడలో హాయిగా నిద్రపోతున్న పదివేలవ వీరుడు' అని అచ్చువేశారు. రెక్కల దేవతకు ఒళ్ళు మండిపోయింది. పెట్టె మీద కూర్చుని ఉత్తరం చదివింది.

'అమ్మా నర్సమ్మా, నేను ఓర్విల్ టీగ్ పెళ్ళాన్ని, లెటాని. మా ఆయన ఫలానా తారీకు ఆస్పత్రిలో పోయాడని తంతి వచ్చింది. ఈ బొమ్మ కూడా అదే తారీకుది. ఊళ్ళో అందరూ ఎంత హాయిగా నిద్రపోతన్నాడో అంటన్నారు. మా ఆయన వెల్లకిలా నిద్రపోడు. పదేళ్ళయింది వెల్లకిలా పడుకుని. ఆయన పక్కన పడుకున్నదాన్ని నేను, నాకు తెలుసు. ఈ బొమ్మలో ఆయన బతికి ఉన్నాడా లేదా, ఒక్క ముక్క చెప్పు. ఆయన ఎట్టా పోయాడో చెప్పు. నేను ఎవరి మీదా గొడవకి రాను.'

ఆ ఉత్తరం అప్పటికే మేజరు చదివేశాడని పిలుపు వచ్చాకగాని తెలియలేదు. ఆయన టైపు చేయించిన జవాబు బల్ల మీద సిద్ధంగా ఉంది. 'మీ భర్త దారంతా హాయిగా నిద్రపోయారు. ఆస్పత్రిలో ప్రశాంతంగా కన్నుమూశారు.' సంతకం పెట్టమని కలం అందించాడు.

"పెట్టను సార్. ఆవిడ అతన్ని పదేళ్ళు పక్కనుండి చూసింది. మీరు ఒక్క నిమిషం చూశారు."

పక్కనే ఉన్న ప్రూయిట్ కల్పించుకుంది. "మొండికెయ్యకు వెర్నా. నిజం రాస్తే ఆవిడ మొగుడు లేచొస్తాడా? ఆడవాళ్ళు విమానాల్లో పనికిరారని నిరూపించడానికి కాచుక్కూచున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నీకు తెలీదా? ఆ సున్నా చూపించే నేను మిమ్మల్నందర్నీ గాలిలో ఉంచుతున్నాను."

"మనం ఎగురుతున్నది పదివేలమంది వల్లనా, ఆ సున్నా వల్లనా?"

 ప్రూయిట్ చెడ్డ మనిషి కాదు. ముందరి ఏడాది ఆమె కూడా అలాంటి నాడులు వేసిందని అందరికీ తెలుసు.

మేజరు మాత్రం కోప్పడలేదు. "సరే, నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో. నేను ఎవరి ఉత్తరమూ ఆపను. అది నా పద్ధతి కాదు. కానీ ఈ రోజు నుంచి నీ ఉత్తరాలు సెన్సారుకు నా దగ్గరకే రావాలి" అన్నాడు.

వెర్నా మూడు రోజులు కూర్చుని రాసింది. అతన్ని ముఖం చూసి ఎంచుకున్నానని, గాయం చూడలేదని రాసింది. అతని జోకులకు నవ్వానుగాని, కోడిలా కూర్చునే నిద్ర అన్నదే తన ప్రశ్నకు జవాబని గ్రహించలేదని రాసింది. బొమ్మలో ఉన్నది శవమేనని, దాని పక్కన నిలబడి నవ్వింది తనేనని రాసింది. అన్నిటికంటే వివరంగా, అతను కూర్చోబెట్టమన్న సంగతి రాసింది. కూర్చోబెట్టానని, తన భుజానికి ఆనుకుని 'ఇప్పుడు బాగుంది' అన్నాడని, అలాగే పోయాడని రాసింది. మొత్తం నాలుగు కాగితాలు. బ్రాషర్ ఆ ఉత్తరాన్ని ఇంటికెళ్ళే క్షతగాత్రుడెవడి జేబులోనైనా పెట్టేద్దామన్నాడు. వెర్నా ఒప్పుకోలేదు. కిందటి నెలే ఒక వంటవాడు అలా పంపి దొరికిపోయాడు. ఉత్తరం మోసినవాణ్ణి, ఒంటికాలివాణ్ణి, ఓడ దించేసి ఆరు వారాలు ఇక్కడే పడేశారు. తన తప్పుకు ఇంకొకడి ప్రయాణం ఆపించే ధైర్యం ఆమెకు లేదు. నాలుగు కాగితాలూ మేజరుకే ఇచ్చింది.

జులైలో జవాబు వచ్చింది.

'అమ్మా, నీ ఉత్తరం అందింది. నాలుగు కాగితాలూ చిల్లులే. బ్లేడు పెట్టి కోసేశారు. ప్రియమైన శ్రీమతి టీగ్ అన్నదీ, అడుగున నీ పేరూ, మధ్యలో అక్కడక్కడా నన్ను క్షమించండి అన్నదీ మిగిలాయి. కాగితం ఎత్తి పట్టుకుంటే కిటికీలోంచి చూసినట్టు మా పెరడు కనపడతాంది. అబద్ధమైతే ఎవరూ ఇంత కష్టపడి కోయరు. కాబట్టి నాకర్థమయింది. బొమ్మలో మా ఆయన బతికి లేడు. నిజం రాసినందుకు నీకు రుణపడి ఉంటాను.

'కానీ ఒకటే నన్ను తినేస్తాంది. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టారు కదా. ఆయన ఊరుకోడు, లేపి కూర్చోబెట్టమని అడిగే ఉంటాడు. ఎంత బతిమాలాడో ఏమో. పక్కనే ఉన్నావు కదమ్మా, నవ్వుతూ. ఒక్కసారి కూర్చోబెడితే నీ సొమ్మేం పోయేది?'

వెర్నా ఆ ఉత్తరాన్ని నిలబడే చదివింది. కాగితం తీసుకుని ఒకే ఒక వాక్యం రాసింది. 'అడిగాడు, నేను కూర్చోబెట్టాను, కూర్చునే పోయాడు.' అందులో కొండ లేదు, విమానం లేదు, తారీకు లేదు. తీసుకెళ్ళి మేజరు ముందు పెట్టింది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. నిజంగానే ఆలోచించాడు. "నువ్వు ఆస్పత్రి నర్సువి కాదు కదా లెఫ్టినెంట్. నీ దగ్గర కూర్చుని పోయాడంటే విమానంలో పోయినట్టే" అన్నాడు.

"సార్, ఇంకేమీ అడగను. ఈ ఒక్కటీ పోనివ్వండి. సున్నా మీరే ఉంచుకోండి."

"ఉత్తరం ఆపను. ఆ మాట ఇచ్చాను కదా."

ఆయన సొరుగులోంచి బ్లేడు తీసి, స్కేలు పెట్టి, ఆ వాక్యం చుట్టూ నీటుగా కోశాడు. పైన 'ప్రియమైన శ్రీమతి టీగ్', కింద 'వెర్నా హాల్వర్సన్', మధ్యలో సన్నని చిల్లు. కవరులో పెట్టి అంటించి, ముద్ర వేసి, పంపాల్సిన ఉత్తరాల బుట్టలో వేశాడు.

కోసిన ముక్క బల్ల అంచు మీదినుంచి కింద పడింది. వెర్నా వంగి తీసుకుని, వెండి రెక్కల కింద జేబులో పెట్టుకుంది. బయట బ్రాషర్ పిలుస్తున్నాడు, ఇంజన్లు మొదలయ్యాయి. కొండల అవతల పద్దెనిమిదిమంది కాచుకుని ఉన్నారు. ఆమె వెళ్ళి విమానం ఎక్కింది.